కొండ కోసం గొలుసు ప్రార్థన

తను మంచు కొండ ఎక్కడానికి కారణం నేనేనని మా ఆయన ఇప్పటికీ అందరికీ చెబుతూ ఉంటారు. నేను చేసిందల్లా ఆయన వేలి నుంచి ఒక చుక్క రక్తం తీయడం. అప్పట్లో బహ్రెయిన్‌లో, మనామాలోని ఒక క్లినిక్కులో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసేదాన్ని. రోజంతా ఊళ్ళోవాళ్ళ రక్తం చూసి, ఇంట్లో మనిషిది చూడకపోతే ఎలా అని ఒక శనివారం పొద్దున ఆయన్ని కూర్చోబెట్టి సూది గుచ్చాను. షుగర్ ఉందని తేలింది. ఆయన ఒకసారి మిషన్ వంక, ఒకసారి నా వంక చూశారు. ఆ షుగర్ నేనే తెచ్చి ఒంట్లో పోశానన్నట్టుంది ఆ చూపు.

డాక్టరు నడవమన్నాడు. మా ఆయనకు ఏ పనీ ఒక మోస్తరుగా చేయడం చేతకాదు. చలికాలమంతా హూరాలో మా బిల్డింగు నుంచి సముద్రం పక్క రోడ్డుదాకా నడిచారు. ఎండలు ముదిరి బయట కాలు పెట్టలేని రోజులు రాగానే బిల్డింగు మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. అలా మెట్లెక్కుతూ ఉండగానే ఆఫీసులో ఎవరో లడఖ్ వెళ్ళొచ్చి, మంచు కొండ ముందు నిలబడి తీయించుకున్న ఫొటో చూపించారట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా, "కొండ ఎక్కుదామనుకుంటున్నా," అన్నారు.

మా విజయవాడ వైపు క్రైస్తవులకు కొండెక్కడమంటే గుణదల కొండే. "దానికింత ఆలోచనేంటి, సెలవుల్లో వెళ్ళినప్పుడు ఎక్కుదాం," అన్నాను.

"అది కాదు. మంచు కొండ."

నేను కూర తిప్పుతున్న గరిట ఆపాను. "చలికి తట్టుకోగలరా?"

"చలి సంగతి నాకా చెప్పేది?" అన్నారు. ఆయన ఏసీలు అమ్మే కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. ఒక్క ఏసీ కూడా విప్పి చూసిన మనిషి కాదు. అయినా చలి మీద తనకేదో హక్కు ఉన్నట్టే మాట్లాడేవారు.

ఆ కొండ పేరు చెప్పను. పేరు వినబడితే ఆయన ఇప్పటికీ లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతారు. లడఖ్‌లో, రోడ్డు ఆగిపోయాక ఇంకా చాలా దూరం నడిస్తేగాని మొదలే కనబడని కొండ. పైన ఏడాది పొడుగునా మంచే. మధ్యలో ఒక హిమానీనదాన్ని దాటాలి. మామూలు మనుషులు కూడా గైడును పెట్టుకుని, నడుముకు తాడు కట్టుకుని ఎక్కగలరని ఆ ఫొటో ఆయన చెప్పాడట. ఆ మామూలు మనుషుల్లో తనూ ఒకరని మా ఆయన వెంటనే నమ్మేశారు.

వచ్చే ఏడు వెళ్ళాలని సాధన మొదలైంది. వీపు సంచిలో బాస్మతి బియ్యం బస్తా పెట్టుకుని రోజూ సాయంత్రం కింద నుంచి డాబాదాకా ఎక్కి దిగేవారు. తినొద్దన్న బియ్యాన్ని అలా వీపున మోస్తుంటే నవ్వాలో జాలిపడాలో తెలిసేది కాదు. మా బిల్డింగు వాచ్‌మన్ కేరళ ఆయన. ఇంత పెద్ద మనిషి సామానుతో మెట్లెక్కుతున్నాడంటే లిఫ్ట్ పాడైందనుకుని దాని తలుపుకు కాగితం అంటించాడు. పాపం, బిల్డింగంతా రెండు రోజులు మెట్లెక్కింది. బాగున్న లిఫ్టును బాగుచేయడానికి మనిషి వచ్చాకగాని అసలు సంగతి బయటపడలేదు.

బహ్రెయిన్‌లో కొండంటూ ఉన్నది ఒక్కటే. దక్షిణాన నూనె బావుల మధ్య దుఖాన్ అనే గుట్ట. ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక మా సంఘం వ్యాను నడిపే తమ్ముడు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళాడు. నిజామాబాదు వైపువాడు. కర్జకాన్ దగ్గర ఒక తోటలో పని, శుక్రవారం మాత్రం అందరినీ ఇళ్ళ నుంచి తెచ్చి మళ్ళీ ఇళ్ళకు చేర్చడం తన సేవ అనుకునేవాడు. మా ఆయన మంచు బూట్లు తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని, వ్యాను దిగి నాలుగు అడుగులు గట్టిగా వేశారో లేదో కొండ అయిపోయింది.

తమ్ముడు చుట్టూ చూసి, "గిదేనా అన్నా? ఇంక మీదికి లేదా?" అన్నాడు.

"ఇది సాధనకి తమ్ముడూ," అన్నారు మా ఆయన, చెమట తుడుచుకుంటూ.

బూట్లు కొత్తవైతే కాళ్ళు కరుస్తాయని వాటిని ఇంట్లో, బజారులో, చివరికి ఆరాధనకు కూడా వేసుకొచ్చేవారు. అద్లియాలో ఒక విల్లా అద్దెకు తీసుకుని కూడుకునేవాళ్ళం. గుమ్మం బయట ఆడవాళ్ళ చెప్పుల మధ్య ఆ రెండు బూట్లూ ఏనుగు పిల్లల్లా నిలబడి ఉండేవి. బూట్లయ్యాక ముళ్ళ వంతు వచ్చింది. మంచు మీద జారకుండా బూట్ల అడుగున ఇనుప ముళ్ళ చట్రం కట్టుకుంటారు. అది వేసుకుని నడక నేర్చుకోవాలంటే మంచు కావాలి కదా. ఊళ్ళో పిల్లలు స్కేటింగ్ చేసే మంచు గది ఉందని గుర్తొచ్చి, ముళ్ళు సంచిలో వేసుకుని నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. కౌంటర్లో ఉన్న ఫిలిప్పీన్స్ అమ్మాయి ఆ ముళ్ళు చూసి లోపలికెళ్ళి మేనేజర్ని పిలుచుకొచ్చింది. మేనేజర్ చాలా మర్యాదస్థుడు. మా ఇద్దరికీ టీ ఇప్పించి మరీ గుమ్మం దాకా సాగనంపాడు.

ఇదంతా ఒక సరదా అని, మళ్ళీ వేసవి వచ్చేసరికి దిగిపోతుందని నేననుకున్నాను. అందరి ముందూ చెప్పుకున్నాకగాని ఇక వెనక్కి తిరిగే పని కాదని అర్థం కాలేదు.

మా కూడికలో ప్రసంగం అయ్యాక ప్రార్థనాంశాలు అడుగుతారు. వీసా రావాలని ఒకరు, మోకాలి నొప్పి తగ్గాలని ఒకరు, పిల్లకు సీటు రావాలని ఇంకొకరు లేచి చెప్పుకుంటారు. ఆ శుక్రవారం మా ఆయన లేచారు. షుగర్ గురించి చెబుతారనుకున్నాను. "ఆగస్టులో నేనొక మంచు కొండ ఎక్కబోతున్నాను. శిఖరం చేరేలా అందరూ ప్రార్థించండి," అని కూర్చున్నారు.

ముందు వరసలో సంఘ పెద్దగారి భార్య కూర్చునేది. మేమందరం ఆంటీ అనేవాళ్ళం. మాలో సగం మందికి కాన్పులప్పుడు పత్యం వండిపెట్టిన మనిషి. ఆమె వెనక్కి తిరిగి, ఎంతో మెల్లగా, "ఎందుకు బాబూ?" అంది.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఇంటికొచ్చాక అదే మాట నేనడిగాను. నాకైతే నవ్వు రాలేదు. బాల్కనీలో బూట్లకు నూనె రాస్తూ తల ఎత్తకుండా చెప్పారు. "సూది గుచ్చిన రోజు నుంచి అందరూ ఏది వద్దో చెబుతున్నారు. అన్నం వద్దు, మామిడిపండు వద్దు, టెన్షన్ వద్దు. డాక్టరూ అదే, నువ్వూ అదే. నాకేది కావాలో ఒక్కటైనా నేను చెప్పుకోవద్దూ?"

లోపలికెళ్ళి చపాతీలు కాల్చాను. ఆ మాట మాత్రం ఎక్కడికీ పోలేదు, లోపల అలాగే ఉండిపోయింది.

సంఘ పెద్దగారు ముప్పై ఏళ్ళుగా బహ్రెయిన్‌లో ఉన్న మనిషి. పని పట్టుకుంటే వదలరు. శిఖరం ఎక్కే రోజుకు గొలుసు ప్రార్థన పెడుతున్నామని ప్రకటించేశారు. గొలుసు ప్రార్థన అంటే గంటకొక కుటుంబం చొప్పున వంతులు వేసుకుని, ఒకరు ముగించగానే ఇంకొకరు అందుకుని, మధ్యలో తెగకుండా ప్రార్థన సాగించడం. ఎవరికైనా ఆపరేషన్ అయితేనో, కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పాస్‌పోర్టు ఇవ్వక ఎవరైనా ఇరుక్కుంటేనో పెట్టేవాళ్ళం. కొండ కోసం పెట్టడం అదే మొదలు. భార్య ఎక్కడున్నా ఒక గంట తీసుకోవాలని, తెల్లవారే గంట నాకిచ్చారు.

ఎక్కడున్నా అనడం ఎందుకంటే నేనూ వెళ్తున్నాను. శిఖరానికి కాదు, కింద గుడారాలు వేసే బేస్ క్యాంపు వరకు. షుగర్ మనిషిని అంత దూరం ఒక్కణ్ణే పంపడానికి నాకేం మతిపోలేదు. ఆంటీ ఆయనకో మంకీ క్యాపు, నాకో శాలువా, ఇద్దరికీ కలిపి కారప్పొడి, నిమ్మకాయ పచ్చడి సర్ది ఇచ్చింది. వ్యాను తమ్ముడు మమ్మల్ని ఎయిర్‌పోర్టులో దింపి, "అన్నా, మీదికి పోయినంక కిందికి సూడకు, కండ్లు తిరుగుతయి," అని సలహా ఇచ్చాడు.

లేహ్‌లో దిగగానే తలనొప్పి మొదలైంది. నాకు కాదు, ఏడాదిగా సాధన చేసిన మనిషికి. అక్కడ గాలి పలచన, ఒంటికి అలవాటు పడేదాకా పడుకుని నీళ్ళు తాగాలని గైడు చెప్పాడు. నేను ఊరంతా తిరిగొచ్చి చూసింది చెబుతుంటే ఆయన మంకీ క్యాపులోంచి రెండు కళ్ళతో నన్ను కొరకొరా చూసేవారు. తర్వాత నడక. గాడిదల మీద సామాను, వాటి వెనక మేము. ఏటి నీళ్ళలో కాళ్ళు తడిశాయి, రాళ్ళకు మడమలు నొప్పెట్టాయి. మెట్లెక్కని నేను ముందు, మెట్లెక్కిన ఆయన వెనక. ఆయన మెల్లగా నడవడమే సరైన పద్ధతి అనేవారు, నేను సరే అనేదాన్ని. చలికి నా షుగర్ మిషన్ మొరాయిస్తే దాన్ని కాసేపు ఆంటీ శాలువాలో చుట్టి, వెచ్చబడ్డాక ఆయన వేలు గుచ్చేదాన్ని.

బేస్ క్యాంపు వెనక చిన్న మిట్ట ఉంది. దాని మీదికెక్కితే హిమానీనదం కనబడుతుంది. హిమానీనదమంటే తెల్లగా, నున్నగా పరుచుకుని ఉంటుందనుకున్నాను. రాళ్ళూ మట్టీ కలిసిపోయి ఉతక్కుండా వదిలేసిన దుప్పటిలా ఉంది. అక్కడక్కడా అది పగిలి, ఆ పగుళ్ళ లోపల మాత్రం నీలం. అంత నీలం నేను బహ్రెయిన్ సముద్రంలో కూడా చూడలేదు. కింద ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు, ఉన్నట్టుండి మంచు విరుగుతున్న చప్పుడు. ఆ చప్పుడు విన్నాక మొదటిసారి నాకు నిజంగా భయం వేసింది. మెట్ల మీద బియ్యం బస్తా, స్కేటింగ్ గది ముందు టీ, ఇవన్నీ ఒక్కసారిగా నవ్వు తెప్పించడం మానేశాయి.

ఎండ తగిలితే పగుళ్ళ మీద మంచు మెత్తబడి దిగబడుతుందట, అందుకని చీకటి ఉండగానే బయల్దేరారు. గైడు ముందు, మధ్యలో ఆయన, వెనక ఇంకో ఇద్దరు. అందరికీ కలిపి ఒకటే తాడు. ఆ తాడు ముడి నేనే రెండుసార్లు లాగి చూశాను. "సముద్రం పక్క రోడ్డుదాకా వెళ్ళొచ్చినట్టు వచ్చేస్తా," అన్నారు. సరేనన్నాను.

తెల్లవారుతుండగా నా గంట వచ్చింది. మిట్ట మీదికెళ్ళి శాలువా నెత్తిన కప్పుకుని కూర్చున్నాను. హిమానీనదం దాటి కొండ భుజం మీద నాలుగు చుక్కలు కదులుతున్నాయి. అందులో ఏది ఆయనో తెలియలేదు. పైన కొండ నెత్తి చుట్టూ మబ్బు చేరుతోంది. కళ్ళు మూసుకున్నాను. ఏమడిగానన్నది చివర్లో చెబుతాను. ఒక్కటే అడిగాను, గంటంతా అదే అడిగాను.

ఎండెక్కాక నలుగురూ తిరిగొచ్చారు. ఆయన ముఖం కమిలిపోయి, పెదాలు పగిలి ఉన్నాయి. నా పక్కన కూర్చుని అక్కడివాళ్ళు కాచే ఉప్పు టీ తాగారు. సంగతి గైడు చెప్పాడు. హిమానీనదం బాగానే దాటారట. చివరి గట్టు మీదికి చేరాక మబ్బు కమ్మి గాలి లేచింది, రాత్రి పడిన కొత్త మంచు కాళ్ళ కింద నిలవలేదు. శిఖరం మా హూరాలో ఒక సందు చివరి నుంచి ఇంకో సందు చివరికి ఉన్నంత దూరంలో ఉందట. మా ఆయన ముందుకే పోదామన్నారు. గైడు తాడు చుట్టి చేత్తో పట్టుకుని, "బస్, సాబ్," అని వెనక్కి తిప్పేశాడు.

"కనబడింది," అన్నారు ఆయన, గ్లాసు కింద పెట్టి. "నెత్తి కనబడింది."

"సరే, కనబడింది కదా," అన్నాను.

"అక్కడ వాళ్ళందరూ గంటగంటకూ మోకాళ్ళ మీద ఉన్నారు. ఎక్కలేదని ఎలా చెప్పను వాళ్ళకి?"

మళ్ళీ ఎక్కడానికి సెలవూ లేదు, వాతావరణమూ లేదు. ఆయన్ని పట్టుకున్న బెంగ ఇక కొండ గురించి కాదు. వీసాకి, ఆపరేషన్‌కి చేసే ప్రార్థన తన సరదా కోసం చేయించి, తీరా వట్టి చేతులతో వెళ్తున్నానని. దిగేటప్పుడు దారంతా తల వంచుకునే నడిచారు. నేను వెక్కిరించడం మానేశాను. వెక్కిరించకపోతే ఇంకా భయపడతారని మళ్ళీ మొదలుపెట్టాను.

లేహ్ నుంచి సంఘ పెద్దగారికి ఫోన్ చేశారు. "వందనాలండీ. క్షేమంగా దిగాం," అన్నారు. తర్వాతి మాట కోసం గొంతు సవరించుకుంటుండగానే అవతల పెద్దగారు, "స్తోత్రం. దిగారట," అని ఇంట్లోవాళ్ళకు కేకేయడం పక్కనున్న నాకు కూడా వినిపించింది. ఈలోగా లైన్ పోయింది. మళ్ళీ చేయండి అన్నాను. రేపు చేస్తానన్నారు. ఆ రేపు బహ్రెయిన్ వచ్చేదాకా రాలేదు.

దిగారంటే ఎక్కారనేగా లెక్క. మేము చేరేసరికి శుక్రవారం సాయంత్రం కృతజ్ఞతా కూడిక ఖాయమైపోయి ఉంది. మేలు జరిగినవాళ్ళు అందరినీ ఇంటికి పిలిచి, పాటలు పాడించి, సాక్ష్యం చెప్పి భోజనాలు పెట్టడం మాలో ఆనవాయితీ. మా విషయంలో మేము పిలవనక్కర్లేకుండానే వాళ్ళే అన్నీ చూసుకున్నారు. మా ఇంట్లో కూడికకు మమ్మల్నే ఫోన్ చేసి పిలిచారు.

"నువ్వు చెప్పు. నువ్వు చెబితే వాళ్ళు ఏమీ అనుకోరు," అన్నారు ఆయన, కుర్చీలు సర్దుతూ.

"కొండ మీది. చెప్పాల్సిందీ మీరే."

"పోనీ ఆంటీకి ముందే ఒక మాట చెవిన వేయవే."

"వేయను."

నాకు కోపం వచ్చి కాదు. తలుపు చాటు నుంచి చేరే మాట అయితే ఆయన ఇంకెప్పుడూ ఆ గదిలో తలెత్తి కూర్చోరని నా భయం. కానీ ఆ సాయంత్రం ఆయన చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకుంటుంటే చూసి, చెప్పేద్దామా అని కూడా అనిపించింది.

హాలు నిండిపోయింది. ఆగస్టు ఉక్క. మా ఆయన కంపెనీ ఏసీ ఆయాసపడుతూ తిరుగుతోంది. వ్యాను తమ్ముడు పెద్ద అట్టపెట్టె ఒకటి రెండు చేతులా మోసుకొచ్చాడు. అద్లియాలో చెప్పి చేయించిన కేకు. కొండ ఆకారం, మీద తెల్లటి క్రీము మంచు, నెత్తిన కాగితం జెండా, జెండా పక్కన చిటికెన వేలంత ప్లాస్టిక్ మనిషి. తెరిచి చూస్తే కొండ నెత్తి జారి పక్కకు పడి ఉంది. జెండా క్రీములో కూరుకుపోయింది. ప్లాస్టిక్ మనిషి సగం దారిలో పడుకుని ఉన్నాడు.

"నేను మెల్లగనే తోలిన అక్కా," అన్నాడు తమ్ముడు, ముఖం చిన్నబుచ్చుకుని. "బండ్ల ఏసీ పనిచేస్తలేదు."

నాకు నవ్వు ఆగక వంటింట్లోకి పోయాను. తిరిగొచ్చేసరికి ఆంటీ చెంచాతో నెత్తిని ఎత్తి నిలబెడుతోంది. అది నిలబడుతోంది, మళ్ళీ వాలుతోంది. మా ఆయన ఆ కేకు వంకే చూస్తున్నారు. నీకు సంగతి ఎవరు చెప్పారు అని దాన్నే అడుగుతున్నట్టుంది ఆయన వాలకం.

పాటలయ్యాయి. సంఘ పెద్దగారు లేచి, మన బ్రదర్ తెలుగువాళ్ళ పేరు కొండెక్కించారని నాలుగు మాటలు మాట్లాడి, జరీ అంచు శాలువా కప్పేశారు. ఆ ఉక్కలో, నిండు హాల్లో, మెడ చుట్టూ శాలువాతో ఆయన సాక్ష్యానికి నిలబడ్డారు.

విమానం దగ్గర మొదలుపెట్టారు. లేహ్‌లో తిన్న టిఫిన్లు చెప్పారు. గాడిదల మంచితనం గురించి చెప్పారు. ఏరు ఎన్ని వంకలు తిరిగిందో అన్ని వంకలూ తిప్పారు. ఈ లెక్కన శిఖరం చేరేలోగా బిర్యానీ చల్లారిపోతుందని ఆంటీ నాకు సైగ చేసింది. హిమానీనదం దాటించారు. చివరి గట్టు మీదికి ఎక్కించారు. అక్కడ ఆగిపోయారు. జనమంతా ముందుకు వంగారు.

"నేను ఎక్కలేదు," అన్నారు.

ఆయన శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, కేకు పక్కన బల్ల మీద పెట్టారు. "కనుచూపు మేరలోకి వెళ్ళి తిరిగొచ్చేశాను. ఫోన్‌లోనే చెప్పాల్సింది, నోరు రాలేదు. మీరంతా నిద్ర మానుకుని ప్రార్థన చేశారు. దాన్ని వృథా చేశాను. క్షమించండి."

నేను ఆయన చేతుల వంకే చూస్తున్నాను. మడత పెట్టిన శాలువా అంచు మళ్ళీ మళ్ళీ సరిచేస్తున్నాయి. లేచి వెళ్ళి పక్కన నిలబడదామనుకున్నాను గానీ అంతలో ఆంటీ మాట్లాడింది.

"నిన్ను ఎక్కించమని ఎవరడిగారు బాబూ?"

ఆయన తలెత్తారు.

"నా గంటంతా నేను అడిగింది పిల్లాణ్ణి క్షేమంగా దించు తండ్రీ అనే. ఎక్కితే ఎక్కాడు, లేకపోతే లేదు, నువ్వేం పట్టించుకోకు అని కూడా చెప్పా."

సంఘ పెద్దగారు నివ్వెరపోయి భార్య వంక చూశారు. "అదేంటి? అంశం శిఖరం కదా?"

"అంశం మీరు చదివారు. ప్రార్థన నేను చేశాను."

గుమ్మం దగ్గర నిలబడ్డ వ్యాను తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "నేను గూడ గంతే అన్నా. అన్నని సల్లగ ఇంటికి తోలుకరా అనే అడిగిన. మీద మనకేం పనుంటది?"

వెనక వరసలో ఒకాయన మేమూ అంతేనన్నాడు. ఆ పక్కన ఇంకొకామె తల ఊపింది. పాపం, పేరు పేరునా అందరూ ఒప్పుకున్నారు. చివరికి అందరూ పెద్దగారి వైపు తిరిగారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎక్కాలి, దిగాలి అని రెండూ అడుగుదామనే మోకరించాను. దిగాలి దగ్గరే గంట అయిపోయింది."

"అంటే ఒక్కరు కూడా..." అన్నారు మా ఆయన. ఏడాది పాటు బియ్యం బస్తా మోసిన మనిషికి కోపం రావాల్సిందే. కానీ ఆ మాట పూర్తి కాకుండానే నవ్వొచ్చేసింది. ముందు ఆయనకు, తర్వాత హాలంతటికీ. ఆంటీ మడత పెట్టిన శాలువా తీసి మళ్ళీ ఆయన భుజాల మీద వేసి, "తిరిగొచ్చినందుకు," అంది. బిర్యానీ ఇంకా వేడిగానే ఉంది. అందరూ బాగా తిన్నారు.

అందరూ వెళ్ళాక నేను గిన్నెలు కడుగుతుంటే ఆయన తుడిచి పెడుతున్నారు. ఆ పని ఆయన మామూలుగా చేయరు.

"ఇంతమంది కలిసి నన్ను దించేశారన్నమాట," అన్నారు. అలిగినట్టు అన్నారు గానీ ముఖం తేలికపడి ఉంది. "నువ్వూ అంతేగా?"

"లేదు."

తుడుస్తున్న గిన్నె ఆగింది.

"నేను శిఖరమే అడిగాను. గంటంతా అదొక్కటే అడిగాను. దేవుడు ఎక్కువమంది మాట విన్నాడు, నేనేం చేయను?"

ఆయన నా వంక తిరిగారు. "నీకు భయం వేయలేదా?"

"వేసింది. ఆ తాడు ముడి రెండుసార్లు ఎందుకు లాగి చూశాననుకున్నారు?"

"మరి దించమని అడగొచ్చుగా?"

"అది అడగడానికి వీళ్ళందరూ ఉన్నారని నాకు తెలుసు. ఈ మనుషుల్ని నేనెరగనా? మీకేం కావాలో అది అడగడానికి ఒక్కరైనా ఉండొద్దూ?"

ఆయన చాలాసేపు ఆ గిన్నెనే తుడిచారు. అది ఎప్పుడో ఆరిపోయింది. నేను కేకులో మిగిలిన ముక్క కోసి పళ్ళెంలో పెట్టి ఆయన ముందుంచాను. షుగర్ బయటపడ్డ రోజు నుంచి ఆ ఇంట్లో ఆయన చేతికి నేను తీపి ఇవ్వడం అదే మొదలు. ఇది తినొచ్చా అని ఆయన అడగలేదు, తినొద్దని నేనూ అనలేదు. నెత్తి లేని కొండను చెంచాతో కొంచెం కొంచెంగా, పళ్ళేనికి అంటిన క్రీము కూడా వదలకుండా తిన్నారు.

మర్నాడు శనివారం. అలవాటు ప్రకారం పొద్దున్నే వచ్చి నా ఎదురుగా కూర్చుని, దొంగలా చూస్తూ వేలు చాచారు. ఆ వేలు పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. సూది డబ్బాలోంచి తీయలేదు.